పిల్లలు లేని మా అక్కకు ఈ నవల ఇవ్వవచ్చా?

ఎయోవిన్ ఐవీ రాసిన ‘ది స్నో చైల్డ్’ చదివినవారు దయచేసి సలహా ఇవ్వండి. 1920లో అలాస్కా అడవిలో భూమి చదును చేసుకుని బతుకుదామని వెళ్లిన జాక్, మేబెల్ దంపతుల కథ ఇది. వాళ్ల బిడ్డ చనిపోయే పుట్టింది. తొలిమంచు కురిసిన రాత్రి ఇద్దరూ మంచుతో ఒక పాప బొమ్మ చేస్తారు. తెల్లవారేసరికి బొమ్మ ఉండదు; చెట్ల మధ్య ఒక చిన్నపిల్ల కనిపిస్తుంది. రష్యన్ జానపద కథలోని మంచుపాపే దీనికి మూలం. ఆ పిల్ల మాటలకు రచయిత్రి ఉల్లేఖన చిహ్నాలు కూడా పెట్టలేదు, నిజమో కలో తేల్చనివ్వరు. నాకు అదే ఎంతో నచ్చింది.

మా అక్కకు రెండుసార్లు గర్భం నిలవలేదు. తను పుస్తకాలే ఊపిరిగా బతికే మనిషి. మేబెల్‌లో తనకొక తోడు దొరుకుతుందని నా ఆశ. కానీ మొదట్లోనే మేబెల్ చావును కోరుకుంటూ గడ్డకట్టిన నది మీద నడిచే ఘట్టం ఉంది. ముగింపూ సుఖాంతం కాదు. ఇలాంటి దుఃఖం అనుభవించి ఈ నవల చదివినవారు ఉన్నారా? ఓదార్పు దొరికిందా, గాయం మళ్లీ రేగిందా? ముందే కథంతా చెప్పి ఇవ్వడం మంచిదా?