వెదురు విల్లు ఒకచోటే మడత పడుతోంది, ఇంకా గీరాలా?

ప్రశ్న (మల్కాజిగిరి): అన్నలూ, లావు బొంగు చీల్చి అయిదున్నర అడుగుల బద్దతో విల్లు చేస్తున్నా. లాగే బలం 30 పౌండ్లు వస్తే చాలు. కింది లింబ్ (పిడికి కింద వంగే సగం) చక్కగా వంగుతోంది. పై లింబ్ మాత్రం పిడికి జానెడు దూరంలో మడత పడి, అక్కణ్నుంచి కొస దాకా నిటారుగా ఉంటోంది. విరుగుతుందేమోనని టెన్షన్. ఏం చేయాలి?

జవాబు (ఉప్పల్): రెండు లింబ్‌లూ సమానంగా గీరేయండి, అదే సర్దుకుంటుంది.

జవాబు (తార్నాక): సర్దుకోదు, ఇంకా ముదురుతుంది. ముందు లాగడం ఆపండి. మడత పడేచోట పెన్సిల్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టండి, అక్కడ ఇక పొట్టు కూడా రాలకూడదు. గీరాల్సింది వంగని చోట, అంటే మడత దాటాక కొస వైపు. మడతకీ పిడికీ మధ్య కూడా బిగుసుకుని ఉంటే అక్కడా కొంచెం. అదీ లోపలి వైపే. నున్నటి పైతోలు ముట్టుకోవద్దు. విల్లు వంగినప్పుడు సాగేది ఆ వైపే, నార తెగితే అక్కడే చీలిక లేస్తుంది. దాని మీది కణుపుల్ని అందం కోసం అరగదీయొద్దు కూడా.

గీరాల్సిన మేర పెన్సిల్‌తో నలుపు చేసుకుని, ఆ నలుపు పోయేదాకా మాత్రమే గీరండి. ఈ దశలో చిత్రిక వద్దు, ఒక్క లాగుకే ఎక్కువ పోతుంది. వడ్రంగులు వాడే గాజుపెంకు చాలు (చేతికి గుడ్డ చుట్టుకోండి). ఒక దఫా గీరాక కొద్దికొద్దిగా ఇరవై ముప్పైసార్లు లాగి వదలండి, తాడు మాత్రం చేతిలోంచి జారనివ్వొద్దు. ఆ తర్వాతే వంపు చూడండి. గీరగానే చూస్తే అసలు మార్పు కనపడదు, అది చూసి మళ్లీ గీరతాం, విల్లు పోయేది అలాగే.

పిడిని గోడకి బిగించి, తాడుని కింద గిరక మీదుగా దూరం నుంచి లాగండి. ఫోన్‌తో ఎదురుగా ఫొటో తీస్తే వంపు తేడా ఇట్టే తెలిసిపోతుంది. తాడుకి లగేజీ తూచే కాటా తగిలించండి. 30 పౌండ్లంటే సుమారు 13.6 కిలోలు. వంపు సరికానంతవరకూ కాటా ఆ అంకె దాటకూడదు, తాడు 12 అంగుళాలు లాగేసరికే వచ్చేసినా సరే, అక్కడే ఆగి గీరండి.

ప్రశ్న: ఇలా గీరితే బలం తగ్గిపోదా అన్నా?

జవాబు (తార్నాక): తగ్గుతుంది. వంపు కుదిరాక రెండు కొసల్లోనూ అంగుళం చొప్పున కోసి తాడు తగిలించే గాడి మళ్లీ పెడితే కొంత తిరిగొస్తుంది. మడత ఉండగా కోయొద్దు. లోపలి వైపు అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే మాత్రం అక్కడ బద్ద నలిగిపోయినట్టే, ఆ బొంగు మీద ఆశ వదులుకోండి.

జవాబు (ఉప్పల్): బొంగు పచ్చిదా, ఎండిందా? ఈ వానల్లో బాల్కనీలో పెడితే తేమ పీల్చుకుని, తాడు విప్పినా వంగిపోయే ఉంటుంది.

ప్రశ్న: ఎండిందే, ఇంట్లోనే పెట్టా. తాడు మాత్రం బట్టలారేసే నైలాన్‌ది.

జవాబు (తార్నాక): ముందు దాన్ని మార్చండి. నైలాన్ సాగుతుంది, ఎంత లాగారో లెక్క తప్పుతుంది. పాలిస్టర్ దారం పేని కట్టుకోండి.