క్రెంకో డెక్‌లోంచి ఏ కార్డులు తీసెయ్యాలి?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఆదివారాలు మా పీజీ డాబా మీద నలుగురం కూర్చుని 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే కార్డుల ఆటని కమాండర్ పద్ధతిలో ఆడతాం. నా కమాండర్ (డెక్‌కి నాయకుడైన కార్డు) 'క్రెంకో, మాబ్ బాస్'.

మొదట్లో జోరుగానే ఉంటుంది. నాలుగు మానాకి (కార్డు దించడానికి ఖర్చుపెట్టే శక్తి) క్రెంకో దిగుతాడు. తర్వాతి టర్న్ నుంచి ట్యాప్ చేసినప్పుడల్లా (కార్డుని పక్కకి తిప్పి వాడినప్పుడల్లా) నా దగ్గర ఎన్ని గాబ్లిన్లుంటే అన్ని కొత్తవి పుడతాయి. మూడు ఆరు, ఆరు పన్నెండు. ఆ గాబ్లిన్ల గుర్తుగా పెట్టే టోకెన్లకి బదులు వేయించిన శనగలు పరుస్తాను. సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు బ్లాస్ఫెమస్ యాక్ట్ వేస్తాడు. ఒక్కో క్రీచర్‌కీ 13 డ్యామేజ్! ఇక శనగలు తినెయ్యడమే. చేతిలో కార్డులుండవు, డెక్ మీంచి వచ్చే ఒక్క కార్డు కోసం ఎదురుచూడాలి.

వంద కార్డులే కాబట్టి ఒకటి పెడితే ఒకటి తియ్యాలి. లైట్నింగ్ బోల్ట్, గాబ్లిన్ గైడ్ తీసేద్దామనుకుంటున్నాను. ఇద్దరే ఆడితే అవి గొప్పవే, కానీ ముగ్గురికీ తలా 40 లైఫ్ ఉంటే 3 డ్యామేజ్ ఏ మూలకి? వాటి బదులు ఇంపాక్ట్ ట్రెమర్స్ (నా క్రీచర్ దిగినప్పుడల్లా ప్రత్యర్థులందరికీ 1 డ్యామేజ్), స్కల్‌క్లాంప్.

చిక్కంతా స్కల్‌క్లాంప్‌తోనే. 1/1 (బలం/ఓర్పు) గాబ్లిన్‌కి తొడిగితే ఓర్పు ఒకటి తగ్గి, అది చచ్చి రెండు కార్డులొస్తాయి. కానీ గాబ్లిన్ చీఫ్టెన్ ఉంటే అవి 2/2 అయిపోయి చావవు. చీఫ్టెన్‌ని తియ్యాలంటే మనసొప్పడం లేదు, క్రెంకోకి హేస్ట్ (దిగిన టర్న్‌లోనే ట్యాప్ చెయ్యగలగడం) ఇచ్చేది అదే. దాన్ని ఉంచి, గాబ్లిన్లని బలివ్వడానికి స్కర్క్ ప్రాస్పెక్టర్ పెట్టనా? గాబ్లిన్ బంబార్డ్‌మెంట్ మేలా? ఆడినవాళ్లు చెప్పండి. రెండు వేలకు మించి ఖర్చు పెట్టలేను.