జీను వేస్తే నీరసపడే గుర్రానికి ఏమి పెట్టాలి?

నల్లజూలు
మా గుర్రానికి 11 ఏళ్లు, బరువు సుమారు 500 కిలోలు. వారానికి ఐదు రోజులు, రోజుకో గంట స్వారీ. మొదటి 20 నిమిషాలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మడమలతో ఎంత పొడిచినా కదలదు. రెండు పూటలా ఎండుగడ్డి, పూటకో డబ్బా ఓట్స్ వేస్తున్నాను. మొక్కజొన్న కలపమని ఒకరు, నూనె పొయ్యమని ఇంకొకరు. ఒళ్లు పెరగకుండా చురుకు రావాలంటే ఏమి మార్చాలి? ఉప్పు సంగతి కూడా చెప్పండి.

దౌడు
ఓట్స్ పెంచండి, ఇంకేమీ ఆలోచించకండి. మా ఆడగుర్రానికి పెంచిన వారానికే నన్ను కింద పడేసింది. చురుకంటే అదీ!

గడ్డిపోచ
పూటకో డబ్బా అంటే ఎంత? నేనూ డబ్బాతోనే కొలిచేదాన్ని. ఓట్స్ మానేసి మొక్కజొన్నకు మారినప్పుడు కూడా అదే డబ్బా. మొక్కజొన్న బరువెక్కువ, డబ్బాకు డబ్బా చూస్తే శక్తి దాదాపు రెట్టింపు. ఆ నెలలోనే లామినైటిస్ (గిట్టల లోపలి పొరల వాపు) వచ్చింది. గిట్టలు పట్టుకుంటే వేడి. ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వాల్చి నిలబడింది. ఆ నిలబడిన తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. దాణా సంగతి తర్వాత, ముందు తక్కెడ కొనండి.

కళ్లెం
గింజలతో వచ్చేది పిచ్చి, నూనెతో వచ్చేది ఓపిక. మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుతూ మా దానికి రోజుకు 300 మిల్లీలీటర్ల దాకా తెచ్చాను. విటమిన్ ఇ తోడుగా ఇస్తాను. ఇప్పుడు గంటన్నర తిప్పినా ఊపు తగ్గదు.

జీనుమనిషి
గుర్రానికి పిత్తాశయమే లేదు. నూనె ఎక్కడ అరుగుతుందండీ?

కళ్లెం
పిత్తాశయం పైత్యరసాన్ని నిల్వ చేసే సంచి మాత్రమే. రసం తయారయ్యేది కాలేయంలో. రోజంతా మేసే జంతువు కాబట్టి అది పేగులోకి ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. నిల్వతో పనేమిటి?

జీనుమనిషి
22 ఏళ్లుగా గుర్రాల మధ్యే ఉన్నాను. నూనె పోసిన గుర్రం లద్దె జిడ్డుగా జారడం కళ్లారా చూశాను. పుస్తకాలు చదివి చెప్పడం వేరు.

కళ్లెం
మొదటి రోజే గిన్నెడు గుమ్మరిస్తే జారక ఏమవుతుంది? 22 ఏళ్లలో మూడు వారాలు ఓపిక పట్టి చూశారా?

జీనుమనిషి
మీలాంటి వాళ్లతో మాట్లాడటం నాదే తప్పు.

పాతరౌతు
ఇద్దరూ ఆగండి. 160 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పోటీలకు గుర్రాలను తయారు చేసినవాణ్ని, నా మాట వినండి. వారానికి ఐదు గంటల పనికి మామూలు గుర్రానికి మంచి గడ్డి చాలు. 20 నిమిషాలకే ఆగిపోతుందంటే లోపం దాణాలో లేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని ఊరికే అనలేదు.

నల్లజూలు
పాతరౌతు గారూ, నా స్వారీ ఎలా ఉందని నేను అడగలేదు. మీరు చూడనూ లేదు.

గిట్టలచప్పుడు
మాదీ ఇలాగే చేసేది. పొట్ట పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి కరవబోయేది. పొగరనుకుని రెండు తగిలించాను కూడా, ఇప్పటికీ బాధగానే ఉంది. కెమెరా గొట్టం వేసి చూస్తే కడుపు పైభాగమంతా పుండ్లు. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, లాలాజలం మాత్రం నమిలితేనే వస్తుంది. ఖాళీ కడుపుతో పరుగెత్తిస్తే ఆ ఆమ్లం పైకి చిమ్ముతుంది. ఇప్పుడు జీను వేసే ముందు కాస్త లూసర్న్ గడ్డి నమలనిస్తున్నాను.

దౌడు
తిన్న వెంటనే పరుగా? కడుపునొప్పి రాదూ?

గిట్టలచప్పుడు
గంపెడు దాణా పెట్టమనలేదండీ. రెండు గుప్పెళ్ల గడ్డి.

గడ్డిపోచ
సెలవు రోజుల్లో దాణా తగ్గిస్తున్నారా? ఆ మాట ఎవరూ అడగలేదు. రెండు రోజులు కదలకుండా పూర్తి దాణా తిన్న మా పక్కవాళ్ల గుర్రం మూడో రోజు పది నిమిషాలకే బిగుసుకుపోయింది. తుంటి కండరాలు రాయిలా గట్టిపడ్డాయి, మూత్రం కాఫీ రంగులో వచ్చింది.

నల్లజూలు
తక్కెడ తెచ్చాను. డబ్బా ఓట్స్ కిలో కూడా లేదు, అది పోనివ్వండి. గడ్డి రోజు మొత్తానికి 5.5 కిలోలే! బరువులో కనీసం 1.5 శాతం అనుకున్నా 7.5 కావాలి కదా. నేను దాన్ని అర్ధాకలితో ఎక్కుతున్నానన్నమాట.

పాతరౌతు
గడ్డిలో తేమ తీసేసి లెక్క వేయండి, ఇంకా పెరుగుతుంది. ఒకేసారి కాకుండా పది రోజుల్లో పెంచండి. స్వారీ మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

నల్లజూలు
ఆ సగం మీ దగ్గరే ఉంచుకోండి. ఇంతకీ ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు.

జీనుమనిషి
నాకడానికి ఉప్పు రాయి కట్టండి, అదే చాలు.

కళ్లెం
చాలదు. ఊరికే నిలబడ్డ 500 కిలోల గుర్రానికే రోజుకు 25 గ్రాముల దాకా కావాలి. దాని చెమట రక్తం కన్నా ఉప్పన. ఆ నున్నటి రాయిని ఎంత నాకితే అంత దిగుతుంది?

జీనుమనిషి
మళ్లీ మొదలుపెట్టారా?