చదువు వీసాపై కుటుంబమంతా కెనడాకు: ఫిలిపినో సహోద్యోగికి ఏమని చెప్పాలి?

దోహా గోదావరి

మిత్రులారా, ఈ ప్రశ్న నాది కాదు. దోహాలో నాతో ఒకే క్లినిక్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒక ఫిలిపినో సోదరిది. ఆమెది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరం. వయసు 36. అక్కడ కామర్స్‌లో డిగ్రీ చేసి, ఇక్కడ బిల్లుల కౌంటరులో కూర్చుంటోంది. భర్తకు 39 ఏళ్లు. ఇదే ఊళ్లో భవనాల నిర్వహణ చూసే ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి ఇలోయిలోలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు, ఎందుకంటే పిల్లలను ఇక్కడికి తెచ్చుకోవడానికి కావలసినంత జీతం వారిద్దరిలో ఎవరికీ లేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు మాకు భోజన విరామం. అప్పుడు అక్కడ రాత్రి ఏడు. ఆమె ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, తన అన్నం డబ్బా మూత తీసి, అక్కడ పిల్లలు తింటుంటే ఇక్కడ తానూ తింటుంది. మొన్న అబ్బాయి పళ్లెంలో చేపను ముల్లు తీయకుండా పక్కకు నెట్టేస్తుంటే, అమ్మమ్మ వచ్చి తీసిపెట్టేదాకా ఈమె చెంచా పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు వారి ఆలోచన ఇది. మనీలాలోని ఒక ఏజెన్సీ సలహా ప్రకారం ఆమె కెనడాలోని మానిటోబాలో ఒక ప్రభుత్వ కాలేజీలో రెండేళ్ల బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరుతుంది. భర్తకు ఎక్కడైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్ వస్తుంది. పిల్లలు బడికి వెళతారు. చదువు పూర్తయ్యాక ఆమెకు మూడేళ్ల వర్క్ పర్మిట్, ఆ తరువాత శాశ్వత నివాసం. ఇందుకోసం భర్త వాటాకు వచ్చిన వరిపొలాన్ని, వాళ్లు ‘సాంగ్లా’ అనే తాకట్టులో పెట్టబోతున్నారు. మన తెలుగువారిలో ఈ దారిన వెళ్లినవారు చాలామంది ఉన్నారు కదా, కనుక్కుని చెప్పమని నన్ను అడిగింది. వెళ్లమనాలా, ఆగమనాలా?

బ్రాంప్టన్ ఓరుగల్లు

ఆగమనండి. నేను 2019లో విద్యార్థిగానే కెనడాకు వచ్చాను కాబట్టి ఈ దారిని తప్పుపట్టే అర్హత నాకు లేదనవచ్చు, కానీ నేను నడిచిన దారి ఇప్పుడు లేదు. ఏజెన్సీ చెప్పిన ప్రణాళిక రెండు స్తంభాల మీద నిలబడి ఉంది. ఆ రెండూ కూలిపోయాయి.

మొదటిది భర్త వర్క్ పర్మిట్. 2025 జనవరి 21 నుంచి, విద్యార్థి చదివేది కనీసం 16 నెలల మాస్టర్స్, డాక్టరేట్, లేదా నర్సింగ్, వైద్యం వంటి ఎంపిక చేసిన వృత్తి కోర్సు అయితేనే జీవిత భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. కాలేజీ డిప్లొమాకు ఇవ్వరు. రెండవది చదువు తరువాత వచ్చే వర్క్ పర్మిట్. 2024 నవంబరు 1 తరువాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారు డిగ్రీ కాకుండా డిప్లొమా చదివితే, అది వైద్య సేవలు, సాంకేతిక వృత్తులు, వ్యవసాయం వంటి కొరత రంగాలకు సంబంధించినదై ఉండాలి. బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమా ఆ కోవలోకి రాదు. అంటే ఆమె పొలం తాకట్టు పెట్టి, రెండేళ్లు ఫీజు కట్టి, పట్టా చేతపట్టుకుని విమానం ఎక్కి తిరిగి రావలసి ఉంటుంది.

ఇక లెక్క. చదువుకునే కాలంలో ఆమె బయట వారానికి 24 గంటలు పనిచేయవచ్చు. మానిటోబాలో 2025 అక్టోబరు నుంచి కనీస వేతనం గంటకు 16 డాలర్లు. వారానికి 384 డాలర్లు, అదీ కోతలకు ముందు. భర్తకు పని లేదు. నలుగురు తినాలి, అద్దె కట్టాలి, చలికోట్లు కొనాలి. నేను వచ్చినప్పుడు బేస్‌మెంట్‌లో నలుగురం కుర్రాళ్లం చాపలు పరుచుకుని గడిపేశాం. ఇద్దరు పిల్లలతో ఆ బతుకు ఎవరూ బతకలేరు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

పై మిత్రుడు ఆచరణ గురించి చెప్పారు. నాకు అంతకన్నా ముందున్న సందేహం నిజాయితీ గురించి. చదువు మీద ఏ ఆసక్తీ లేని తల్లి, చదువుకోవడానికే వస్తున్నానని, పూర్తికాగానే తిరిగి వెళతానని సంతకం పెట్టి వెళ్లడం అబద్ధం కాదా? ఒక దేశం తలుపు ఒక పని కోసం తెరిస్తే, మరో పని కోసం దూరడం మొదలుపెట్టినవారి వల్లనే కదా ఇన్ని ఆంక్షలు వచ్చాయి? ఆ ఆంక్షల దెబ్బ నిజంగా చదువుకోవాలనుకునే పిల్లలకు తగులుతోంది.

ఇంకొక మాట. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో, వీసా ఇంటర్వ్యూకు పది రోజుల ముందు ఖాతాలో లక్షలు పడి, వీసా రాగానే మాయమయ్యే ఖాతాలను ఎన్నో చూశాను. ఇక్కడ కన్సల్టెన్సీలు వాటిని ‘బ్యాలెన్స్ చూపించడం’ అనేవి. ఆ ఏజెన్సీ కూడా ఆమెకు అలాంటి డబ్బు సర్దుతానందా? దయచేసి అడిగి చెప్పండి.

దావో వైద్య విద్యార్థి

నేను ఖమ్మం నుంచి వచ్చి ఫిలిప్పీన్స్‌లోని దావోలో వైద్యవిద్య చదువుతున్నాను. ఇక్కడి ఇళ్లను దగ్గరగా చూశాను కాబట్టి, పెద్దలు నెల్లూరు వారితో విభేదించడానికి అనుమతి కోరుతున్నాను.

ఆ కుటుంబానికి ‘ఉన్నచోట ఉండిపోవడం’ అనే ప్రత్యామ్నాయం అసలు ఉన్నట్టు మనం మాట్లాడుతున్నాం. వారు ఇప్పటికే మూడు ముక్కలుగా బతుకుతున్నారు: తల్లి ఒక గదిలో, తండ్రి కంపెనీ క్యాంపులో, పిల్లలు సముద్రం అవతల. (దోహా గారూ, వారి వసతి సంగతి నా ఊహ, తప్పైతే సరిదిద్దండి.) ఈ దేశంలో ఇది ఒక ఇంటి కథ కాదు. 1974 నాటి కార్మిక చట్టంతో ప్రభుత్వమే మనుషులను విదేశీ పనికి పంపే ఏర్పాటును మొదలుపెట్టింది. 2021 డిసెంబరులో చేసిన చట్టంతో వలస కార్మికుల కోసం ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖనే నెలకొల్పింది. 2024లో బ్యాంకుల ద్వారా వారు ఇంటికి పంపిన సొమ్ము 3,400 కోట్ల డాలర్లు దాటింది. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు తన భర్తతో కలిసి ఒకే కప్పు కింద గడిపిన కాలాన్ని నెలల్లో లెక్కపెట్టి చెబుతుంది. ఆయన ఓడల మీద పనిచేస్తాడు.

పనికి వెళ్లే దారులు చాలావరకు మనిషిని ఒంటరిగానే పిలుస్తాయి. కుటుంబంతో సహా రానిస్తామన్న దారి ఏదైనా కనిపిస్తే వీళ్లు ఎగబడతారు, అది చదువు దారి అయినా సరే. దాన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. పైగా కెనడా చట్టమే ఈ విషయంలో అంత కటువుగా లేదు. 2001 నాటి వలస చట్టంలోని 22వ సెక్షన్, శాశ్వతంగా ఉండాలన్న కోరిక ఉన్నంత మాత్రాన తాత్కాలిక వీసాకు అనర్హులు కారని చెబుతోంది. గడువు తీరితే వెళ్లిపోతారని అధికారికి నమ్మకం కలగాలి, అంతే.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

సెక్షన్ గురించి నాకు తెలియదు, తెలియజేసినందుకు కృతజ్ఞతలు. కోరికను దాచనక్కరలేదంటే నా అభ్యంతరంలో సగం తగ్గినట్టే. మిగిలిన సగం ఆ చివరి మాటలోనే ఉంది. పొలం తాకట్టు పెట్టి, రెండు ఉద్యోగాలూ వదిలి, పిల్లలతో సహా వచ్చిన మనిషి ‘గడువు తీరితే వెళ్లిపోతాను’ అంటే ఏ అధికారి నమ్ముతాడు? నేనైతే అప్పు కూడా ఇవ్వను.

మెల్‌బోర్న్ కృష్ణాతీరం

కెనడా కాకపోతే ఆస్ట్రేలియా అని ఎవరైనా అనబోతే ముందే చెబుతున్నాను. 2025 జులై 1 నుంచి ఇక్కడ విద్యార్థి వీసా దరఖాస్తు రుసుమే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. 2024 జులై నుంచి చదువు తరువాతి వీసాకు ఎక్కువమందికి వయసు పరిమితి 35. ఆమెకు 36. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి, పరిశోధన కోర్సులు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ చదువులైతే తప్ప, కుటుంబాన్ని రానివ్వడమే లేదు.

దోహా గోదావరి

అందరికీ ధన్యవాదాలు. నిన్న విరామంలో ఈ విషయాలన్నీ ఆమెకు చెప్పాను. దావో మిత్రుడి ఊహ నిజమే: ఆమె మరో ముగ్గురితో ఒక గదిలో ఉంటుంది, భర్త కంపెనీ క్యాంపులో ఉంటాడు, శుక్రవారాల్లో కలుస్తారు.

నెల్లూరు వారి ప్రశ్నకు జవాబు: అవును. వాళ్లు దాన్ని ‘షో మనీ’ అంటారట. 2025 సెప్టెంబరు 1 నుంచి నలుగురి కుటుంబం ఫీజు, విమాన ఖర్చు కాకుండా ఏడాది జీవనానికి 42,543 కెనడా డాలర్లు చూపించాలి. వారి లెక్కలో 17 లక్షల పెసోలకు పైమాటే. వారి దగ్గర ఉన్నది అందులో మూడో వంతు. మిగిలినది ఏజెన్సీ మనిషి నెలకు నాలుగు శాతం వడ్డీకి ఖాతాలో వేసి, వీసా రాగానే తీసేసుకుంటాడట. వర్క్ పర్మిట్ నిబంధనల గురించి అడిగితే ‘అవి మళ్లీ మారతాయి, ముందు లోపలికి వెళ్లడం ముఖ్యం’ అన్నాడట. ఈ మాట నాకు ఆమె నవ్వుతూ చెప్పింది గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బ్రాంప్టన్ ఓరుగల్లు

నాలుగు శాతమా! ఆ మనిషి అమ్ముతున్నది కోర్సు కాదు, అప్పు. ఇంకొక తేడా కూడా ఆమెకు చెప్పండి. ఫిలిప్పీన్స్‌లో విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెన్సీకి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. చదువుకు పంపుతున్నామనే వారు ఆ లైసెన్సు జోలికి పోకుండానే దుకాణం తెరుస్తారు. కెనడా వీసా విషయంలో డబ్బు తీసుకుని సలహా ఇచ్చే హక్కు న్యాయవాదుల వంటి న్యాయవృత్తిదారులకు, లైసెన్సు పొందిన కన్సల్టెంట్లకు మాత్రమే ఉంది. ఆ కన్సల్టెంట్ల జాబితా వారి నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో బహిరంగంగానే ఉంటుంది. అతని పేరు అందులో ఉందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

విన్నిపెగ్ చలిగాలి

ఆలస్యంగా వస్తున్నాను, మన్నించండి. నేను మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లో నర్సును. మా వార్డులో సగం మంది ఫిలిపినోలే. ఈ ఊరికి వాళ్లు కొత్త కాదు, 1960ల చివరలో కుట్టు కర్మాగారాల్లో పనికి వచ్చిన ఆడవాళ్లతో మొదలైంది. 2021 జనాభా లెక్కల్లో కెనడా మొత్తం మీద ఫిలిపినోలు 9 లక్షల 57 వేల మంది. కాబట్టి ఇక్కడికి రావాలనుకోవడంలో వింత లేదు. నాకు వింతగా అనిపించింది మరొకటి.

ఇంతసేపూ మనమందరం భార్య గురించే మాట్లాడుకున్నాం. డిగ్రీ ఆమెకు ఉంది, ఇంగ్లీషు ఆమెకు వచ్చు, కాబట్టి దరఖాస్తు ఆమె పేరిట. ఏజెన్సీకి కావలసింది కూడా అదే, ఎందుకంటే కాలేజీ సీటు అమ్మితేనే దానికి కమీషన్. కానీ కెనడా కొరత ఉందని చెప్పుకుంటున్న రంగాల్లో ఉన్నది భర్త పని. చేతిలో ఉన్న ఎలక్ట్రీషియన్ అనుభవాన్ని ‘వెంట వచ్చేవాడు’ అనే గడిలో పడేసి, ఆమెను బిజినెస్ డిప్లొమాకు పంపడం, బియ్యం బస్తా ఇంట్లో పెట్టుకుని నూకలు అప్పు తెచ్చుకోవడం లాంటిది.

దోహా గారూ, మూడు విషయాలు కనుక్కోండి. అతనికి ఫిలిప్పీన్స్‌లో టెస్డా (ప్రభుత్వ వృత్తి శిక్షణ సంస్థ) వారిచ్చే విద్యుత్ పనుల సర్టిఫికెట్ ఉందా? దోహా కంపెనీ నుంచి, హోదాతో సరిపెట్టకుండా చేసిన పనులను వివరించే అనుభవ పత్రం దొరుకుతుందా? మానిటోబాలో వారికి దగ్గరి బంధువు ఎవరైనా ఉన్నారా? మూడవది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ దగ్గరి బంధువు ఉన్న నైపుణ్య కార్మికులు విదేశం నుంచే ఈ ప్రావిన్సు నామినేషన్ కోసం, అంటే శాశ్వత నివాసానికి ప్రావిన్సు చేసే సిఫారసు కోసం, పేరు నమోదు చేసుకునే మార్గం ఉంది. అలా నామినేషన్ దొరికి శాశ్వత నివాసం వస్తే నలుగురూ ఒకేసారి దిగుతారు, పని చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

వయసు సంగతి కూడా చూడాలి. పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి పిలిచే ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో భార్యాభర్తలు కలిసి దరఖాస్తు చేస్తే, ప్రధాన దరఖాస్తుదారుకు 39వ ఏట వయసుకు 50 పాయింట్లు, 41కి 35, 45కి సున్నా. మానిటోబా లెక్కలో అయితే 45 వరకు వయసు పాయింట్లు తగ్గవు. ఇది సులభమని నేను అనడం లేదు. పిలుపు రావడానికి ఏడాది పట్టవచ్చు, రాకపోవచ్చు కూడా. ఇంగ్లీషు పరీక్షలో అతను చదవడం, రాయడం దగ్గర తడబడవచ్చు. కానీ పరీక్ష ఫీజు పోతే పోయేది పరీక్ష ఫీజే, పొలం కాదు.

దావో వైద్య విద్యార్థి

ఇది ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే. అయితే ఒక్క మాట. ఏడాది, రెండేళ్లు ఆగమని మనం తేలికగా అంటున్నాం. ఆ అమ్మాయికి పదకొండేళ్లు. ఈ లెక్కల్లో దరఖాస్తుదారు వయసుకు పాయింట్లున్నాయి గానీ పిల్లల వయసుకు లేవు. ఆమె తొందరపాటును అత్యాశ అని ఎవరూ అనకూడదని నా మనవి.

దోహా గోదావరి

విన్నిపెగ్ గారూ, అతని అక్క పదమూడేళ్లుగా మీ ఊళ్లోనే ఉందట! ‘వదిన ఉందిగా, దిగగానే నెల రోజులు వాళ్లింట్లో ఉంటాం’ అన్న లెక్కలోనే తప్ప ఆమె ఇంకెందుకూ గుర్తుకు రాలేదు. టెస్డా సర్టిఫికెట్ ఉంది, ఇలోయిలోలో అమ్మమ్మ గారి బీరువాలో. అనుభవ పత్రం ఇవ్వడానికి కంపెనీ మొదట నసిగింది, వచ్చే వారం రమ్మంది.

కానీ ఇద్దరి మధ్య మాట కుదరలేదు. అతనికి పరీక్ష అంటే భయం. పదో తరగతి తరువాత పుస్తకం పట్టలేదని, భార్య పేరు మీదే వెళదామని పట్టుబడుతున్నాడు. ఆమె ఏజెన్సీకి ఇప్పటికే అడ్వాన్సు కట్టింది, అది తిరిగి రాదు. నిన్న విరామంలో పిల్లలతో మాట్లాడాక ఆమె బిల్లు కాగితం వెనుక నా చేత 384ను నాలుగుతో గుణింపజేసింది. 1,536 వచ్చింది. వదిన చెప్పిన అద్దెను దాని కింద రాసుకుని, కాగితం మడిచి డబ్బా సంచిలో పెట్టుకుంది. శుక్రవారం భర్తకు చూపిస్తానంది.