ఫాల్కన్ 9 రాకెట్ బూస్టర్ ఓడ మీద ఎందుకు దిగుతుంది?

గాజువాక నుంచి అడుగుతున్నాను. 2024 అక్టోబర్ 13, ఆదివారం సాయంత్రం స్పేస్‌ఎక్స్ వాళ్ల స్టార్‌షిప్ రాకెట్ బూస్టర్‌ని (రాకెట్‌ని పైకి తోసి, తిరిగి కిందికి వచ్చే కింది భాగం) లాంచ్ టవర్ చేతులు పట్టుకోవడం మా పాపతో కలిసి ఫోన్‌లో చూశాను. టీ చల్లారిపోయినా పట్టించుకోలేదు, అంత టెన్షన్! వాళ్లదే ఇంకో రాకెట్ ఫాల్కన్ 9 బూస్టర్ మాత్రం ఒకసారి నేల మీద, ఒకసారి ఓడ మీద దిగుతుందేమని పాప అడుగుతోంది. ఎలా చెప్పాలి?

జవాబు: అంతా ఇంధనం లెక్కండి. బయల్దేరిన చోటికి రావాలంటే ముందుకు పోయే వేగాన్ని ఆపి, మళ్లీ వెనక్కి తోసుకోవాలి. పైకి మోసే బరువు ఎక్కువైతే అంత ఇంధనం మిగలదు. అందుకే అది దిగే దారిలోనే ఓడ పెడతారు.

జవాబు: పాపని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లి, అలలకి ఊగే బోటు చూపించండి, అలాంటి దాని మీద దిగడం ఎంత కష్టమో తనకే తెలుస్తుంది. 2016 ఏప్రిల్‌లో ఫాల్కన్ 9 బూస్టర్ మొదటిసారి ఓడ మీద దిగి నిలబడ్డప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

గాజువాక: ఈ ఆదివారమే వెళ్తాం. థాంక్సండీ!