ఎడ్వర్డ్ గులాబీ: ఏ ఎడ్వర్డ్?

ప్రశ్న: లేత గులాబీరంగులో గుత్తులుగా పూసే వాసన గులాబీని నర్సరీల్లో 'ఎడ్వర్డ్' అంటారు. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్ పేరు పెట్టారా? దీన్నే పన్నీరు గులాబీ అనొచ్చా?

జవాబు: రాజుగారికీ దీనికీ సంబంధం లేదండీ. ఆయన గద్దెనెక్కింది 1901లో. ఈ పువ్వు పేరు అంతకు చాలా ముందుది. దీని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి. ఫ్రెంచివాళ్లు అప్పట్లో దాన్ని బూర్బోన్ అనేవారు. అక్కడ పొలాల చుట్టూ రెండు గులాబీలు కలిపి కంచె వేసేవారు: చైనా గులాబీ 'ఓల్డ్ బ్లష్', ఏడాదిలో మళ్లీ పూసే డమాస్కు రకం. ఆ రెండూ కంచెలోనే సంకరమై ఇది పుట్టింది. పెరిషోఁ అనే ఆసామి కంచెలో తేడాగా కనబడిందనీ, ఆయన పేరు ఎదువార్ కాబట్టి 'రోజ్ ఎదువార్' అయిందనీ చెబుతారు. మన నోట ఎడ్వర్డ్ అయింది.

1817లో దీవికొచ్చిన బ్రెయోఁ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని గమనించి, 1819లో ప్యారిస్ దగ్గరి న్యుయీలో ఓర్లెయాఁ ప్రభువు తోట చూసే ఝాక్‌కు విత్తనాలు పంపాడు. గమనించండి, విత్తనాలు. గులాబీ గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిని అచ్చుగుద్దినట్టు పోలదు. కాబట్టి ఐరోపాలో 'బూర్బోన్ గులాబీలు'గా పేరుపడ్డవీ మన ఎడ్వర్డూ దగ్గరి చుట్టాలే తప్ప ఒకటే అనడానికి లేదు.

మరొకరు: ఇక 'పన్నీరు గులాబీ' సంగతి. ఫారసీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. గులాబ్ అంటే అసలు పన్నీరే! పువ్వు పేరుగా మారింది తర్వాత. అంటే పన్నీరు గులాబీలో పన్నీరు రెండుసార్లుంది, 'గేటు దర్వాజా' అన్నట్టు. అది వాడకాన్ని బట్టి వచ్చిన పేరు. వాసన ఉన్న ఏ లేతరంగు గులాబీకైనా తగిలిస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో అత్తరుకు వాడేది డమాస్కులో ఏడాదికోసారే పూసే రకం. దాని కొమ్మ నిండా చిన్నా పెద్దా ముళ్లు కలగలిసి ఉంటాయి, ఆకు అడుగున నూగు ఉంటుంది, మైదానాల్లో పూత మార్చి-ఏప్రిల్ ప్రాంతంలో ఒక్క విడతే. ఎడ్వర్డ్ ముళ్లు పెద్దవి, వంకరగా ఎడంగా ఉంటాయి. పూత విడతలు విడతలుగా ఏడాదంతా వస్తుంది. దండల్లోకి ఇదే గిట్టుబాటు.

అడిగినవారు: గుల్కందుకు పనికొస్తుందా? కొమ్మ నాటితే బతుకుతుందా?

జవాబు: రెండూ అవుతాయి. గుల్కంద్‌లో 'కంద్' అంటే పంచదారే. మందు కొట్టని పూలు తెల్లారే కోయండి, మంచు ఆరాక. రేకులకు సమానం బరువు పంచదార. తీపి ఎక్కువ కావాలంటే ఒకటిన్నర రెట్లు. గాజు సీసాలో వరసకు రేకులు, వరసకు పంచదార వేసి, చివర పంచదారతో మూసి, మూడు వారాలు ఎండలో పెట్టి రోజూ కలపాలి. చెడిపోయేది దాదాపు ఎప్పుడూ తడివల్లే: కడిగిన రేకులు పూర్తిగా ఆరకపోతే పులుస్తుంది, లేదా బూజు పడుతుంది. దండల దుకాణం పూలు వద్దు, వాటిమీద పురుగుమందు ఉండొచ్చు.

కొమ్మకు పెన్సిలు లావున్న ముదురుది తీసుకోండి. జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. అడుగు కోత కణుపు కిందే ఏటవాలుగా. రెండు కణుపులు ఇసుక కలిపిన మట్టిలో దిగాలి. పైన చిగురేసిందని వెంటనే పీకి చూడకండి. కొమ్మలో నిల్వున్న బలంతోనే ముందు చిగురిస్తుంది, వేరు తర్వాత.

మరొకరు: ఒక్కమాట. ఎడ్వర్డ్‌ను అంటు కట్టడానికి వేరుమూలంగానూ (పైన వేరే గులాబీని అతికించే అడుగు మొక్కగా) వాడతారు. ఎర్ర గులాబీ కొని నాటితే కొన్నాళ్లకు లేతరంగు పూలొచ్చాయని నర్సరీ అతన్ని తిట్టేవాళ్లున్నారు. రంగు మారలేదు, అంటు కింద నుంచి పిలక లేచి పైమొక్కను మింగేసింది. మట్టి తవ్వి, పిలకను మొదట్లో పట్టుకుని కిందికి చీల్చి తీయాలి. కత్తెరతో పైన కోస్తే ఒకటి పోయి రెండొస్తాయి.