బాలింతల డిప్రెషన్ గుర్తించే పని పీహెచ్‌సీలో ఎట్లా మొదలుపెట్టాలి? ఈ దారిలో నర్సుకు ముందు ఏముంది?

దేవరకొండ సిస్టర్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ చేసి దేవరకొండ వైపు ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. బాలింత వస్తే బీపీ, హిమోగ్లోబిన్, పాప బరువు రాస్తాం. తల్లి మనసు ఎట్లుందో రాసే గడి రిజిస్టర్లో లేదు. ఏ ప్రశ్నలు వాడాలి, ఎప్పుడు అడగాలి? అత్తనో అమ్మనో పక్కనుంటే ఎట్లా అడగాలి? స్కోరు ఎక్కువొస్తే ఏం చేయాలి? ఈ పనినే వృత్తిగా ఎంచుకోవాలంటే ఏ చదువు చదవాలో కూడా చెప్పండి.

నల్లగొండ సైకియాట్రీ నర్సింగ్ టీచర్:

బాలింతల డిప్రెషన్ కనిపెట్టే ప్రశ్నల పట్టిక, ఎడిన్‌బరా స్కేలు, అంటే ఈపీడీఎస్ వాడండి. 1987లో బాలింతల కోసమే తయారు చేశారు. పది ప్రశ్నలు, గత ఏడు రోజుల గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. అందరికీ వాడే డిప్రెషన్ ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9 కూడా చెడ్డదేం కాదు. కాకపోతే అందులో అలసట, ఆకలి, నిద్ర గురించి అడుగుతారు. పురుడైన నెలకు ఆ మూడూ ఎవరికైనా తేడాగానే ఉంటాయి కాబట్టి లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

తప్పులు ఎక్కువ జరిగేది కూడికలో. 1, 2, 4 ప్రశ్నలకు జవాబులు పైనుంచి కిందికి 0, 1, 2, 3. మిగతా ఏడింటికి (3, 5 నుంచి 10 వరకు) తిరగేసి 3, 2, 1, 0. అన్నీ ఒకే వరుసలో కూడితే బాగున్న తల్లికి ఎక్కువ, కుంగిపోయిన తల్లికి తక్కువ వస్తుంది.

రెండో తప్పు ఏడో ప్రశ్న దగ్గర. "నిద్ర పడుతుందా?" అని కుదించి అడిగితే "పాప ఏడుస్తుంటే ఎట్ల పడ్తది సిస్టర్" అంటారు. అక్కడ అడగాల్సింది బిడ్డ పండుకున్నంక కూడా దుఃఖంతో నిద్ర రావట్లేదా అని. చదువురాని తల్లికి మీరే చదివి వినిపించండి, కానీ నాలుగు జవాబులూ చదవాలి. రెండు చదివి ఆపితే ఆ రెంటిలోంచే ఎంచుకుంటారు.

డిశ్చార్జి రోజు చేయకండి. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లోపు తగ్గుతుంది. సరైన సమయం ఆరో వారం. పెంటావాలెంట్ టీకా మొదటి డోసుకు తల్లి తానే బిడ్డను ఎత్తుకుని వస్తుంది, ఆశా 42వ రోజు ఇంటికి పోయేదీ అప్పుడే.

13 లేదా ఆపైన వస్తే డాక్టరు చూడాలి. 10 నుంచి 12 అయితే రెండు వారాలకు మళ్లీ చేయండి. పదో ప్రశ్నకు, అంటే తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనకు, "ఎప్పుడూ లేదు" తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం స్కోరు 4 అయినా సరే ఆ రోజే కూర్చుని మాట్లాడాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఈ జిల్లాలో పత్తి చేను ఉన్న ఇల్లంటే పురుగుల మందు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. దాన్ని తాళం వేసిన చోట పెట్టమని ఇంట్లో ఒకరికి గట్టిగా చెప్పండి, పెట్టారో లేదో మర్నాడు ఫోన్ చేసి కనుక్కోండి.

పాలమూరు ఆశా ట్రైనర్:

సిస్టర్, అత్తను "బయటికి పోండి" అంటే ఆ తల్లికి ఇంటికి పోయినంక ఇబ్బంది. పనులు విడగొట్టండి. పాపను తూకం వేయించడానికి, కార్డులో రాయించడానికి అత్తను ఆశాతో పంపండి. తల్లి పాలిచ్చే మూల దగ్గర మీతో ఉంటుంది. పది ప్రశ్నలకు పది నిమిషాల లోపే పడుతుంది.

చూసి అంచనా వేయడంలో ఒక జాగ్రత్త. మన దగ్గర పచ్చి బాలింత చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఎండాకాలంలోనూ స్వెట్టర్‌తో వస్తుంది. మొహం వాడి ఉంటుంది, పథ్యం కాబట్టి తిండీ తక్కువే. వీటిని చూసి డిప్రెషన్ అనుకోవద్దు. బిడ్డకు సాంబ్రాణి పట్టి, కాటుక చుక్క పెట్టి, శుభ్రంగా తెచ్చిందని తల్లి బాగుందనీ అనుకోవద్దు. అవి చేసేది అమ్మమ్మ. బిడ్డ ఏడ్చినప్పుడు తల్లి చెయ్యి ఎటు పోతుందో, కళ్లు ఎటు చూస్తున్నాయో చూడండి.

తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి పేరు ఒక పీహెచ్‌సీలో, మనిషి ఇంకో చోట. మూడో నెలకో ఐదో నెలకో అత్తగారింటికి పోతుంది. అక్కడి నుంచి చాలామంది పాలమూరు, నారాయణపేట ఆడబిడ్డలు హైదరాబాద్‌కో పూణేకో కూలికి పోతారు. మొదటి రోజే రెండు ఊర్లు, రెండు ఫోన్ నంబర్లు, ఇద్దరు ఆశాల పేర్లు రాసుకోకపోతే రెండోసారి ఆమె దొరకదు.

ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద మాత్రం "డిప్రెషన్" అని రాయకండి. ఆ కార్డు అందరూ చదువుతారు. వేరే రిజిస్టర్లో నంబరుతో రాయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద గోప్యత ఆమె హక్కు.

లేబర్ రూమ్ ఇన్‌చార్జి:

ఒకటి కలుపుతాను, ఇది ఆలస్యం చేయకూడనిది. మొదటి రెండు వారాల్లో రెండు మూడు రాత్రులు నిద్ర లేకున్నా అలసట లేకపోవడం, తెగ మాట్లాడటం, "ఈ బిడ్డ నాది కాదు" అనడం, అందరినీ అనుమానించడం ఉంటే స్కేలుతో పనిలేదు. ప్రసవానంతర సైకోసిస్, అంటే కాన్పు తర్వాత మతి తప్పే తీవ్రమైన మానసిక జబ్బు కావచ్చు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికే వస్తుంది, కానీ ప్రాణాపాయం. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని దర్గాకు తీసుకుపోదామంటే కొట్లాడకండి, "ముందు ఆస్పత్రి, తర్వాత అక్కడికి" అనండి.

పంపే ముందు జ్వరం, బీపీ, షుగర్ చూడండి. తలనొప్పి, ఫిట్స్ అడగండి. ఇన్‌ఫెక్షన్, గుర్రపు వాతం (ఎక్లాంప్సియా), మెదడు రక్తనాళంలో గడ్డ కూడా ఇట్లాగే కనిపిస్తాయి. తల్లీబిడ్డలను ఇద్దరినే వదలకండి. 108లో తోడు మనిషితో నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ పెద్దాస్పత్రికి పంపండి.

దేవరకొండ సిస్టర్:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. రెండు అనుమానాలు. పెద్దాస్పత్రికి స్లిప్ రాసి పంపినా సగం మంది పోరు. తండాల్లో పెద్దవాళ్లకు తెలుగు అంతంతే, లంబాడీలో అడగాలి. చదువు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నల్లగొండ సైకియాట్రీ నర్సింగ్ టీచర్:

స్లిప్ మీద "డిప్రెషన్?" అని ఒక్క మాట రాస్తే ఓపీలో మళ్లీ మొదటి నుంచి అడుగుతారు, ఆమె విసిగిపోతుంది. కాన్పు తేదీ, ఈపీడీఎస్ స్కోరు, పదో ప్రశ్న జవాబు, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పాలిస్తుందా, ఇప్పుడు వాడే మందులు అన్నీ రాయండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇట్లాగే కుంగదీస్తాయి. మందు మొదలైతే పాలు మానాలని ఇంట్లోవాళ్లే నిర్ణయిస్తారు, అందుకే మందు సొంతంగా ఆపేస్తారు. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలలోకి చాలా తక్కువగా పోతాయి, ఆ నిర్ణయం డాక్టరుకు వదలమని ముందే చెప్పండి. చేర్చుకోవాల్సి వస్తే బిడ్డను లాగేసుకుంటారేమోనని భయపడతారు. పైన చెప్పిన 2017 చట్టం 21వ సెక్షన్ ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను, ప్రమాదం ఉంటే తప్ప, తల్లి నుంచి వేరు చేయకూడదు. ప్రయాణం కుదరని రోజు మానసిక ఆరోగ్య ఫోన్ సహాయం టెలీ మానస్ 14416 ఉంది, ఇరవై నాలుగు గంటలూ.

లంబాడీ విషయంలో ఆశాతో అప్పటికప్పుడు అనువాదం చేయించకండి. ఆమె అత్తకు చుట్టమైతే తల్లి నోరు విప్పదు. ఇద్దరు లంబాడీ నర్సులతో విడివిడిగా రాయించి, మూడో మనిషితో తిరిగి తెలుగులోకి చెప్పించండి. ఎక్కడ అర్థం మారిందో తెలుస్తుంది.

చదువుకు మూడు దారులు. సైకియాట్రిక్ నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా ఏడాది. ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ రెండేళ్లు. కాన్పుల వైపే ఉండాలనుకుంటే నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ శిక్షణ 18 నెలలు. మీ ప్రశ్నను బట్టి నేనైతే డిప్లొమా అంటాను. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ నర్సు, కమ్యూనిటీ నర్సు పోస్టులు ఉంటాయి. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆస్పత్రిలో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు ఉంది, అవకాశం వస్తే అక్కడ కొన్నాళ్లు పని చూడండి.

పై అధికారులను కదిలించాలంటే రిజిస్టర్లో నాలుగు అంకెలు నెలనెలా రాయండి: ఎందరిని అడిగారు, ఎందరికి 13 లేదా ఆపైన వచ్చింది, ఎందరు ఆస్పత్రికి చేరారు, ఎందరు రెండోసారి పోయారు. మొదటి రెండు చూపిస్తే "మంచి పని" అంటారు. మూడోది, నాలుగోది చూపిస్తేనే వాహనం, తోడు మనిషి అడగడానికి బలం. మాతృ మరణాల సమీక్షలో కూర్చునే అవకాశం వస్తే ఆత్మహత్యలను పక్కన పెట్టనివ్వకండి. గర్భిణి, బాలింత ఆత్మహత్యను నేరుగా మాతృ మరణంగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది.

ఒకేసారి మండలమంతా మొదలుపెట్టకండి. ముందు ఒక్క సబ్‌సెంటర్, మూడు నెలలు, ఆరో వారం టీకాకు వచ్చిన ప్రతి తల్లి. అంతకంటే ముందు మాత్రం జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి పోయి, మీరు పంపే తల్లులను ఎవరు చూస్తారో, ఏ రోజు చూస్తారో ఆ డాక్టరుతో మాట్లాడి రండి.